రొయ్యల సదస్సులో ఐరిష్ నవల

నేను ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేసినన్నాళ్లూ నరసాపురం చుట్టుపక్కల అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "ఐర్లాండ్‌లో మీకెవరున్నారండీ?"

ఎవరూ లేరు. మా వంశంలో సముద్రం దాటినవాళ్లే లేరు. మా చిన్నాన్న ఒకాయన పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు ఇల్లరికం వెళ్తే, మా ఇంట్లో దాన్నే విదేశీయానం లెక్కన చెప్పుకునేవారు. అయినా నా ఉద్యోగ జీవితమంతా పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లాండ్ ఆడవాళ్లు రాసిన నవలలు చదవడంతోనే గడిచింది. ఈమధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు, ఇలాంటి సబ్జెక్టుతో ఈ ఊళ్లో ఎలా నెగ్గుకొచ్చారు మేడమ్ అని అడుగుతున్నారు. నెగ్గుకురాలేదు. రొయ్యలు నెగ్గించాయి. ఆ సంగతి చెబుతాను.

మా పీహెచ్‌డీ గైడుగారు నాకు ఆ సబ్జెక్టు ఇచ్చిన తీరు ఇళ్లస్థలం చూపించే బ్రోకరు మాటల్లా ఉండేది. ఇంగ్లండ్ అంతా నిండిపోయిందమ్మా, అమెరికాలో కూడా జాగా లేదు, ఐర్లాండ్ ఒక్కటే కాస్త ఖాళీగా ఉంది, అందులోనూ ఆడవాళ్ల వైపు ఎవరూ తొంగి చూడలేదు, వెంటనే పట్టుకో అన్నారు. పట్టుకున్నాను. పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు. అప్పట్లో ఐర్లాండ్ ఇంగ్లండ్ పెత్తనం కింద ఉండేది. భూస్వామి లండన్‌లో ఉంటాడు, వాడి ఏజెంటు ఊళ్లో ఉంటాడు, చాకిరీ చేసేవాళ్లు బురదలో ఉంటారు. ఇదంతా కిటికీలోంచి చూసిన ఆడవాళ్లు కొందరు నవలలు రాశారు. చాలామంది పేరు కూడా వేసుకోలేదు, 'ఒక స్త్రీ' అని వేసి ఊరుకున్నారు. పరాయి పాలనలో ఒక ఆడమనిషి తనది కాని నేల గురించి ఏం రాసింది, ఏం రాయకుండా వదిలేసింది అన్నది నా పరిశోధన.

ఊళ్లో ఇది ఎవరికీ ఎక్కలేదు. మా ప్రిన్సిపాల్‌గారు కెమిస్ట్రీ మనిషి. ఐర్లాండ్‌కీ ఐలాండ్‌కీ ఆయన పెద్దగా తేడా పెట్టుకోలేదు. ఒక సభలో నన్ను "లంకల మీద పరిశోధన చేసిన విదుషీమణి" అని పరిచయం చేశారు. సభ అయ్యాక ఒకాయన నా దగ్గరకి వచ్చి, లంకలో తన కొబ్బరితోట గోదావరి కోతకి పోతోందనీ, ఏమైనా చేయగలరా అనీ దీనంగా అడిగాడు. నేను చేయగలిగింది సానుభూతి చూపించడం. అది చూపించాను.

డిగ్రీ చివరి ఏడాది పిల్లలకి ఐరిష్ స్త్రీల రచనల మీద ఒక ఆప్షనల్ పేపర్ పెట్టించుకోవడం నా ఉద్యోగంలో నేను సాధించిన ఒకే ఒక్క పని. అందులో ముగ్గురు చేరారు. ఒకమ్మాయి ఇష్టపడి చేరింది, ఇంకో ఇద్దరు ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని చేరారు. ప్రిన్సిపాల్‌గారు ఒకరోజు పిలిచి, ముగ్గురితో పేపర్ నడపలేమమ్మా, వచ్చే ఏడాది నుంచి దాని బదులు కమ్యూనికేషన్ స్కిల్స్ పెడదాం అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. పాత కుర్చీ తీసేయిద్దాం అన్నంత మామూలుగా అన్నారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఐర్లాండ్ నుంచి ఒక ప్రొఫెసర్‌గారు హైదరాబాద్‌లో ఏదో సదస్సుకి వస్తూ, ఒక పూట మీ కాలేజీకి కూడా రానా అని నాకు ఈమెయిల్ పెట్టారు. డెబ్బై దాటిన ఆవిడ. నేను చదివిన విమర్శలో సగం ఆవిడ రాసిందే. ఒకసారి నా వ్యాసాన్ని తన పుస్తకంలో ఫుట్‌నోట్‌లో ప్రస్తావించారు, ఇంటిపేరు తప్పు పడిందనుకోండి, అయినా ఆ పేజీ జిరాక్స్ తీయించి బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నాను. ప్రిన్సిపాల్‌గారికి చెబితే, విదేశీ అతిథి అనేసరికి ఆయన ముఖం వెలిగింది. కాలేజీకి గ్రేడు ఇచ్చేవాళ్లు వచ్చే ఏడాది రాబోతున్నారు, వాళ్లకి చూపించడానికి ఫొటోలు కావాలి. "హాలు నిండాలమ్మా. నిండితే మీ పేపర్ సంగతి మళ్లీ ఆలోచిద్దాం," అన్నారు.

ముగ్గురు పిల్లలతో హాలు ఎలా నింపాలా అని నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆ హాలు నాకంటే ముందే నిండిపోయిందని అప్పటికి నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున్న ప్రొఫెసర్‌గారిని స్టేషన్ నుంచి తీసుకుని కాలేజీకి వచ్చేసరికి ఆవరణ నిండా మోటార్‌సైకిళ్లు. సెమినార్ హాల్లోకి తొంగిచూస్తే, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. తెల్లచొక్కాల మగవాళ్లు, వాళ్లలో అక్కడక్కడా ఆడవాళ్లు. మా జువాలజీ మాస్టారు అదే రోజుకి, అదే హాల్లో, రొయ్యల రైతులకి వైట్‌స్పాట్ తెగులు మీద అవగాహన సదస్సు పెట్టుకున్నారు. ఆఫీసులో ఇద్దరికీ సరేనన్నారు. కాలేజీలో మైకు ఉన్న హాలు అదొక్కటే.

నేను జువాలజీ మాస్టారితో గొడవ పడదామని వెళ్లాను. తీరా చూస్తే ఆయన నాకంటే కంగారులో ఉన్నారు. విశాఖ నుంచి రావలసిన నిపుణుడికి నిడదవోలులో బండి తప్పిపోయిందట. జనం వచ్చేశారు, చెప్పేవాడు లేడు. నా దగ్గర చెప్పే ఆవిడ ఉంది, జనం లేరు. ఆయన నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను.

"మేడంగారూ, మావాడు వచ్చేదాకా మీ ఆవిడని మాట్లాడించండి. ఈ జనాన్ని ఒకసారి ఇళ్లకి పంపిస్తే మళ్లీ రారండి," అన్నారాయన.

ప్రిన్సిపాల్‌గారు నిండిన హాలు చూసి పరమానందపడిపోయి, ఇలాగే కానిచ్చెయ్యండి అన్నారు. బ్యానర్లు రెండూ ఒకే గోడకి కట్టారు. స్థలం చాలక నా బ్యానర్ చివరి సగం మీదికి మాస్టారి బ్యానర్ వచ్చి పడింది. హాలు మధ్యలోంచి చూస్తే 'పందొమ్మిదో శతాబ్దపు ఐరిష్ స్త్రీలలో వైట్‌స్పాట్ తెగులు, నివారణ మార్గాలు' అని చక్కగా అతికినట్టు ఉంది. ఫొటోగ్రాఫర్ దాని కిందే ప్రొఫెసర్‌గారిని నిలబెట్టాడు.

ఆవిడ ఇంగ్లీషులో చెబుతారు, నేను తెలుగులో చెప్పాలి. మొదటి పది నిమిషాలూ నరకం. ఆవిడ కలోనియలిజం అన్నారు, నేను వలసవాదం అన్నాను. ముందు వరసలో ఒకాయన, వలస అంటే కువైట్ వెళ్లడమేనాండి, మా మరదలు అక్కడే ఉంది అన్నాడు. అది కాదండీ, మన ఊరికి పరాయివాళ్లు వచ్చి మన మీద పెత్తనం చేయడం అన్నాను. అలాగైతే మా వియ్యంకుడే అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. ప్రొఫెసర్‌గారు కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే. అటు మూలన నా విద్యార్థులు ఇద్దరు, మూడో మనిషికి జ్వరం.

అప్పుడు ఆవిడ సిద్ధాంతం పక్కన పెట్టి ఒక నవల కథ మొదలుపెట్టారు. పేరు వేసుకోని ఒక స్త్రీ రాసిన నవల. అందులో ఒక వితంతువు. భర్త పోయాక, ఎవరికీ పనికిరాని చిత్తడి నేల కొంత కౌలుకి తీసుకుంటుంది. ఊరంతా నవ్వుతుంది. ఆవిడ కూతురితో కలిసి కాలవలు తవ్వి, నీళ్లు దిగగొట్టి, రాళ్లు ఏరి, కొన్నేళ్లకి దాన్ని బంగారంలాంటి పొలం చేస్తుంది. అప్పుడు భూస్వామి ఏజెంటు గుర్రం మీద వస్తాడు. పొలాన్ని చూస్తాడు. నేల బాగుపడింది కనక కౌలు పెంచాం, కట్టలేకపోతే ఖాళీ చెయ్యి అంటాడు.

నేను ఈ మాట తెలుగులో చెప్పి ఆగాను. వక్కపొడి నమిలేవాళ్లు కూడా నమలడం ఆపేశారు.

మూడో వరసలోంచి ఒకావిడ లేచింది. నలభై ఏళ్లు ఉంటాయి, చేతిలో స్కూటర్ తాళాలు. ఆవిడ చౌడు నేల లీజుకి తీసుకుని, సొంత ఖర్చుతో చెరువు తవ్వించి, రొయ్యలు వేసిందని నాకు తరవాత తెలిసింది.

"ఆవిడ అగ్రిమెంట్ రాయించుకోలేదాండీ?" అంది.

లేదన్నాను. ఆ రోజుల్లో అలాంటివాళ్లకి రాతకోతలు ఉండేవి కాదని ప్రొఫెసర్‌గారు చెప్పారు.

"మరి ఊళ్లో పొదుపు సంఘం లేదా? నలుగురాడవాళ్లు కలిసి ఆ గుర్రమాయన్ని నిలబెట్టి అడగొచ్చు కదండీ."

అంతలో ముందువరసలో కూర్చున్న ఒక పెద్ద రైతు గొంతు సవరించుకున్నాడు. ఉంగరాల చేతులు, ఇస్త్రీ మడత నలగని పంచె. ఈవిడ లీజుకి తీసుకున్న నేల ఆయనదే. ఆయన ఆవిడవైపు చూడకుండా, నావైపు చూసి మాట్లాడాడు. లండన్‌లో కూర్చున్న మనిషికి ఇక్కడ ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది, ఆయన ఖర్చులు ఆయనకుంటాయి, తప్పంతా మధ్యలో ఏజెంటుది, భూస్వామిని అనడం అన్యాయం అన్నాడు.

"ఏజెంటుని పెట్టింది ఎవరండీ?" అంది స్కూటర్ ఆవిడ. ఆవిడ కూడా నావైపే చూసి అంది.

ఇక హాలు రెండుగా చీలిపోయింది. చెరువులు ఉన్నవాళ్లు ఒకవైపు, చెరువులు లీజుకి తీసుకున్నవాళ్లు ఒకవైపు. ఒకాయన లేచి, ఆ చిత్తడి నేలలో ఉప్పుశాతం ఎంతో చెబితేగాని తీర్పు చెప్పలేనన్నాడు. ఇంకొకాయన, పొలం చేయకుండా చేపల చెరువు తవ్వించుకుని ఉంటే ఈ తంటా ఉండేది కాదన్నాడు. ప్రొఫెసర్‌గారు నా చెయ్యి పట్టుకుని, ఏమంటున్నారు, ఒక్క మాట కూడా వదలకుండా చెప్పు అన్నారు. చెప్పాను. ఆవిడ ముఖం ఉత్సాహంతో ఎర్రబడింది. ఈ రచయిత్రి తప్పు ఏజెంటు మీద వేసిందా, భూస్వామి మీద వేసిందా అన్న దాని మీదే మా దేశంలో విమర్శకులు ఎన్నో ఏళ్లుగా కొట్టుకుంటున్నారు అన్నారు. నేను అదీ తెలుగులో చెప్పాను.

పెద్ద రైతు ముందుకి వంగాడు. "ఆ విమర్శకుల్లో మనవైపు ఎవరున్నారో కాస్త కనుక్కోండి."

కనుక్కున్నాను. ఒక పాత యూనివర్సిటీలో పేరుమోసిన ఆచార్యుడు ఒకాయన ఉన్నాడట.

"పెద్దమనిషేనా?"

"పెద్దమనిషేనండి."

ఆయన తృప్తిగా వెనక్కి ఆనుకున్నాడు.

ఆ సమయంలో గుమ్మంలో సూట్‌కేసుతో వైట్‌స్పాట్ నిపుణుడు ప్రత్యక్షమయ్యాడు. నిడదవోలు నుంచి ఎలా వచ్చాడో పాపం, చొక్కా తడిసి ముద్దయింది. జువాలజీ మాస్టారు ఆనందంతో స్టేజి ఎక్కబోయారు. రైతులు ఒప్పుకోలేదు. కాసేపు కూర్చోమనండి, ఆ వితంతువు సంగతి తేలనివ్వండి అన్నారు. ఆ నిపుణుడు రొయ్యల తెగులు గురించి నాలుగు రాష్ట్రాల్లో మాట్లాడిన మనిషి. వెనక గోడకి చేరబడి, అరగంట సేపు ఐరిష్ నవల విన్నాడు. చివర్లో ఆయన కూడా లేచి ఏజెంటుని తిట్టాడు.

కథ పూర్తి కాలేదు. కరెంటు పోయి మైకు ఆగింది, అదే అదనుగా వంటాయన వచ్చి భోజనాలు చల్లారిపోతున్నాయన్నాడు. కథకంటే కోడికూర నెగ్గింది. రొయ్యల వేపుడు ఎవరూ ముట్టుకోలేదు, ప్రొఫెసర్‌గారు తప్ప. పూతరేకు ఇస్తే ఆవిడ పైన ఉన్నది కాగితమనుకుని పొరలన్నీ ఓపికగా ఒలిచి పక్కన పెట్టి, లోపలి బెల్లం పొడి మాత్రం తిని, చాలా బాగుంది అన్నారు.

ఆ భోజనం దగ్గరే నేను ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. వీళ్లెవరూ మీకోసం రాలేదండీ, రొయ్యల తెగులు కోసం వచ్చారు అన్నాను. ఆవిడ నవ్వి, నువ్వు మరీ వినయంగా మాట్లాడతావు అన్నారు. బ్యానర్ చూపించి దానిమీద ఏముందో చదివి అర్థం చెప్పాను. ఆవిడ దానివైపు చాలాసేపు చూశారు. సామ్రాజ్యాన్ని ఒక తెగులుగా ఊహించడం అద్భుతమైన ఆలోచన, ఎవరిది అని అడిగారు. జువాలజీ మాస్టారిని పిలిచి, మీరైనా చెప్పండి మహాప్రభో అన్నాను. ఆయన తన ఇంగ్లీషులో అంతా వివరించారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి అభినందించారు. సాయంత్రం బండి ఎక్కేదాకా నేను చెబుతూనే ఉన్నాను, ఆవిడ నా వినయాన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు.

ఆవిడ వెళ్లిపోయారు గానీ నా పని అప్పుడే మొదలైంది. మర్నాడు స్కూటర్ ఆవిడ స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. కథ చివరికి ఏమైందో చెప్పమంది. చెప్పడానికి నాకు కొంచెం మొహమాటం వేసింది. భూస్వామి కూతురు లండన్ నుంచి వస్తుంది, వితంతువు కష్టం విని కన్నీళ్లు పెట్టుకుంటుంది, న్యాయం చేస్తానని మాటిస్తుంది, ఆపైన ఒక సైనికాధికారితో ప్రేమలో పడుతుంది. మిగతా నవలంతా వాళ్ల పెళ్లే.

"మరి ఆవిడేమైంది?"

"మళ్లీ కనిపించదు."

"కనిపించకపోవడమేంటండీ. మనిషి కదా." ఆవిడ చాలాసేపు నావైపు చూస్తూ కూర్చుంది, నవల నేనే రాసినట్టు. రాసినావిడ భూస్వాముల ఇంటి ఆడపడుచనీ, ఆ కిటికీలోంచి అంతవరకే కనిపించిందనీ, అంతకుమించి చూడడానికి ఆమెకి మనసొప్పలేదో ధైర్యం చాలలేదో తెలియదనీ నాకు తోచినట్టు చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ వితంతువు పక్క ఊళ్లో తమ్ముడి పేరు మీద ఇంకో పొలం తీసుకుని ఉంటుందని తేల్చి, స్కూటర్ ఎక్కి వెళ్లిపోయింది.

ఆమెతో ఆగలేదు. రొయ్యలు తూచే కాటా దగ్గర టీకొట్టులో ఆ కథ నలిగింది. ఎవరికి తోచిన ముగింపు వాళ్లు పెట్టారు. ఒక ముగింపులో ఏజెంటు గుర్రం మీదనుంచి పడ్డాడు, ఇంకోదాంట్లో వైట్‌స్పాట్ తగిలింది. సందేహం వచ్చినవాళ్లు కాలేజీకి ఫోన్ చేసేవాళ్లు, ఫోన్ ఆఫీసులోంచి నాకు వచ్చేది. నెమ్మదిగా ఆ దేశం పేరు మా ప్రాంతంలో ఒక మాటగా మారిపోయింది. నేల బాగుచేసిన మనిషికే లీజు పెంచితే దాన్ని 'ఐర్లాండ్ చేయడం' అన్నారు. అరటికాయలు తెచ్చే మనిషి కూడా ఒకరోజు నాతో, మార్కెట్‌లో మా జాగాకి ఐర్లాండ్ చేశారండి అన్నాడు. ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకున్నారు.

లీజులు తిరగరాసే కాలం వచ్చినప్పుడు పెద్ద రైతు స్కూటర్ ఆవిడని పిలిచి, చెరువు బాగా కుదిరింది కనక రేటు పెంచుతున్నానన్నాడట. ఆవిడ నలుగురి ముందూ, "ఏంటండీ, మీరు కూడా ఐర్లాండ్ మొదలెట్టారా?" అందట. నలుగురూ నవ్వారట. ఆయన తిన్నగా మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా, నాకు లండన్‌లో ఇల్లు లేదు, ఏజెంటు లేడు, గుర్రం అంతకన్నా లేదు, నన్ను తీసుకెళ్లి ఆ భూస్వామితో కలిపారు, ఇదంతా మీవల్లే అన్నాడు. కానీ ఆ ఏడాది లీజు పాత రేటుకే రాశాడని విన్నాను. ఆ తరవాత ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు.

ఇంతలో ప్రొఫెసర్‌గారి వ్యాసం అచ్చయింది. గోదావరి డెల్టాలో సామాన్య రైతులు ఐరిష్ నవల గురించి ఎంత ఆవేశంగా వాదించుకుంటారో రాశారు. నా ఇంటిపేరు ఈసారి ఇంకోలా తప్పు పడింది. ప్రిన్సిపాల్‌గారు దాన్ని ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టారు, కమ్యూనికేషన్ స్కిల్స్ ఊసు మళ్లీ ఎత్తలేదు. నాకు మాత్రం, నిజమేంటో చూడడానికి ఎవరైనా వస్తారేమోనని భయం. అనుకున్నట్టే కొన్ని నెలలకి ఆ దేశం నుంచి ఒక కుర్ర పరిశోధకుడు, ఈ పాఠకులని అధ్యయనం చేస్తానని రికార్డర్ పట్టుకుని వచ్చాడు. ఎండకి కందిపోయిన ఆరడుగుల మనిషి.

వేరే దారిలేక టీకొట్టుకి తీసుకెళ్లాను. ఈ నవల మీ జీవితాల్ని ఎలా మార్చింది అని అతను నా చేత అడిగించాడు. ముందు వాళ్లు, మీ దేశంలో రొయ్యకి ఎంత పలుకుతుందో కనుక్కోండి అన్నారు. అతనికి తెలియదు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడొకాయన, ఆ ఏజెంటు గుర్రం మీదనుంచి పడడం పుస్తకంలో ఉందా లేదా అని పక్కాయనతో పందెం కాశాడు. ఇంకేముంది, చీకటిపడేదాకా వదల్లేదు. స్కూటర్ ఆవిడ అతన్ని తన చెరువు గట్టు మీదికి తీసుకెళ్లి, చూడు నాయనా, ఇదీ ఆవిడ పొలం అంది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చబోయాను. అతను అక్కర్లేదన్నట్టు చెయ్యి ఎత్తాడు. రికార్డర్ ఆపేసి, గట్టు మీద కూర్చుని, నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాడు. వాళ్ల ముత్తవ్వలని అలాంటి నేలలోంచే వెళ్లగొట్టారని తిరుగు ప్రయాణంలో ఆటోలో చెప్పాడు.

మరుసటి ఏడాది నా పేపర్‌లో చేరినవాళ్లకి కుర్చీలు చాలలేదు. అందులో సగం మంది రొయ్యల రైతుల పిల్లలు. ముగింపు కనుక్కుని రమ్మని ఇంట్లోవాళ్లు పంపించారట. జువాలజీ మాస్టారు తన తరవాతి సదస్సుకి, వీలైతే ఎవరైనా ఒక ఐరిష్ ఆవిడని పిలవండి మేడంగారూ, వైట్‌స్పాట్ ఒక్కదానికే జనం రావడం లేదు అన్నారు.

రిటైరయ్యాక ఓ మధ్యాహ్నం ఫోన్ మోగింది. పెద్ద రైతు. అన్నేళ్లూ ముఖం తిప్పుకున్న మనిషి, ఆరోగ్యం ఎలా ఉందండీ, మోకాళ్లు ఎలా ఉన్నాయండీ అని చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి, మీరు అన్ని పుస్తకాలు చదివారు కదా, ఆ దేశంలో ఆడవాళ్లు రాసినవాటిలో మంచి భూస్వామి ఒక్కడూ లేడాండీ అని అడిగాడు.

నేను నిజాయితీగా ఆలోచించాను. నలభై యాభై నవలలు మనసులోనే తిరగేశాను.

"ఒకడున్నాడండి. కానీ మూడో అధ్యాయంలోనే పోతాడు," అన్నాను.

అవతల ఆయన కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"పర్లేదండి, మంచివాడుగానే పోయాడు కదా," అన్నాడు ఆయన. "చెప్పండి, వింటాను."